నవంబరు వచ్చింది: ఫోన్ మన చేతిలోనా, పిల్లల చేతిలోనా?

గుంతకల్లు గార్డు (వైట్‌ఫీల్డ్) | సోమవారం, ఉదయం 6:10

అందరికీ నమస్కారం. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాను. నేను దిగిపోయాక, 2022లో, ఆ ఉద్యోగానికి ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చారు. ఇంకొన్నాళ్లు ఆగుంటే మేనేజర్ భార్యనయ్యేదాన్ని కదా అని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. ప్రస్తుతం బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో అబ్బాయి దగ్గర ఉంటున్నాం.

నవంబరు వచ్చింది కదా, పింఛను తీసుకునేవాళ్లం బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. గుంతకల్లులో ఉన్నన్నాళ్లు బ్యాంకుకు వెళ్లి సంతకం పెట్టి, పనిలో పనిగా పాత మిత్రులను పలకరించి వచ్చేవాణ్ణి. ఇక్కడ అంతా ఫోన్‌లోనే. అబ్బాయి "ఇలా ఇవ్వండి నాన్నా" అంటాడు, ఫోన్ తీసుకుంటాడు, నా ముఖానికి ఎదురుగా పెడతాడు, కళ్లార్పమంటాడు, అయిపోయిందంటాడు. ఏం నొక్కాడో, ఎక్కడ నొక్కాడో నాకు తెలియదు. కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, ఊరికి టికెట్లు, అన్నిటికీ ఇదే తంతు.

వాడు మంచివాడే, తప్పు పట్టడం లేదు. కానీ నేను చీకట్లో, వానలో, ఆఖరి పెట్టెలో ఒంటరిగా కూర్చుని బండి మొత్తానికి పూచీ పడ్డ మనిషిని. ఇప్పుడు నా పింఛను పడిందో లేదో కూడా వాణ్ణే అడగాలి. నేర్పమంటే "ఈ వయసులో మీకెందుకు నాన్నా టెన్షన్" అంటాడు. ఆ మాట వింటేనే నాకు టెన్షన్.

రెండు ప్రశ్నలు. లైఫ్ సర్టిఫికెట్ ఎవరి సాయం లేకుండా చేసుకున్నవాళ్లు ఉంటే ఎలాగో చెప్పండి. రెండోది, మీకు ఫోన్ ఎవరు నేర్పారు?

ఫోర్త్ బ్లాక్ టీచరమ్మ (జయనగర్) | సోమవారం, ఉదయం 7:35

అన్నయ్యగారూ, నేను ఏటా సొంతంగానే చేసుకుంటున్నాను. కేంద్రీయ విద్యాలయంలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను కాబట్టి కాస్త పాఠంలాగే చెబుతాను, ఏమనుకోకండి.

ముందు ప్లే స్టోర్ నుంచి రెండు యాప్‌లు దించుకోవాలి. ఒకటి జీవన్ ప్రమాణ్, రెండోది ఆధార్ ఫేస్ ఆర్‌డీ. రెండోది దించాక తెరవడానికి ఏమీ కనిపించదు, కంగారు పడొద్దు. అది వెనకాల ఉండి మీ ముఖాన్ని ఆధార్‌లోని ఫొటోతో పోల్చి చూస్తుంది, అంతే దాని పని. ఇక జీవన్ ప్రమాణ్ తెరిస్తే మొదట ఆపరేటర్ వివరాలు అడుగుతుంది. ఆపరేటర్ అంటే ఎవరో ఆఫీసు మనిషి అనుకుని చాలామంది అక్కడే ఆగిపోతారు. మీరే ఆపరేటర్, మీరే పింఛనుదారు. అందుకే ముఖం రెండుసార్లు చూపించాల్సి వస్తుంది.

తర్వాత పీపీవో (పింఛను చెల్లింపు ఉత్తర్వు) నంబరు, పింఛను పడే ఖాతా నంబరు, పింఛను మంజూరు చేసిన శాఖ, పంపిణీ చేసే బ్యాంకు. చివరి రెండింటి దగ్గర నిదానించండి. జాబితా పొడుగ్గా ఉంటుంది, తొందరలో పక్కది నొక్కితే సర్టిఫికెట్ సంబంధం లేని చోటికి పోతుంది. పీపీవో కాగితం ఎదురుగా పెట్టుకుని చూసి ఎంచుకోండి. వెలుతురు ముఖం మీద పడాలి, వీపు వెనక కిటికీ ఉండకూడదు. కళ్లజోడు తీసేస్తే మేలు. అంతా అయ్యాక ప్రమాణ్ ఐడీతో మెసేజ్ వస్తుంది. దాంతో పని అయిపోయినట్టు కాదు, బ్యాంకు దాన్ని తీసుకుందో లేదో నాలుగు రోజులాగి చూసుకోవాలి.

2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ మొదలైనప్పుడు వేలిముద్రతో చేయాల్సి వచ్చేది. వయసు పైబడ్డ చేతులకు, అందునా ఇన్నేళ్లు అంట్లు తోమిన చేతులకు, గీతలు అరిగిపోయి ఉంటాయి. యంత్రం గుర్తుపట్టదు. 2021లో ముఖంతో చేసే పద్ధతి వచ్చాకే మాలాంటివాళ్లకు ప్రాణం లేచొచ్చింది. 80 దాటినవాళ్లు అక్టోబరు 1 నుంచే ఇవ్వచ్చు. కదలలేనివాళ్లకు పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి చేసిపెడతాడు, 70 రూపాయలు తీసుకుంటారు. ఈపీఎఫ్ పింఛనుకు నవంబరు పట్టింపు లేదు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. రాష్ట్ర ప్రభుత్వ పింఛన్ల గడువు వేరు, మీ ట్రెజరీలో అడగండి.

మీ రెండో ప్రశ్నకు జవాబు: నాకెవరూ నేర్పలేదు. మా అమ్మాయి అమెరికాలో ఉంది, ఫోన్ లాక్కోవడానికి చెయ్యి అందలేదు.

నిర్వాహకులు | సోమవారం, ఉదయం 8:02

పీపీవో, ఆధార్, ఖాతా నంబర్లు కనబడే స్క్రీన్‌షాట్లు దయచేసి ఇక్కడ పెట్టొద్దు. ఇప్పుడే ఒకటి తీసేశాను. ఫోన్ నంబర్లు కూడా వద్దు.

కోరమంగళ కోడర్ | సోమవారం, ఉదయం 9:20

గార్డు అంకుల్, మీ అబ్బాయి తరఫున వకాల్తా పుచ్చుకుంటున్నాను.

రాత్రి తొమ్మిదింటికి ఆఫీసు కాల్ మధ్యలో ఉంటాం. నాన్న తలుపు తీసుకుని వచ్చి "ఈ ఓటీపీ ఎక్కడ కొట్టాలిరా" అంటారు. చేసిపెట్టడానికి రెండు నిమిషాలు చాలు, నేర్పడానికి అరగంట కావాలి. ఆ అరగంట మా దగ్గర ఉండదు. ఇది పైకి చెప్పే కారణం. లోపలిది భయం. ఆయన జన్మంతా కూడబెట్టింది ఒక్క నొక్కుతో పోతుందేమో అని. ఆ సంగతి మొహాన చెప్పలేక "మీకెందుకు టెన్షన్" అంటాం. టెన్షన్ మాది అంకుల్.

మా ఇంట్లో కుదిరిన ఏర్పాటు చెబుతాను. పింఛను పడే ఖాతాకు యూపీఐ పెట్టలేదు. పక్కన చిన్న ఖాతా ఒకటి తెరిచాం, నెలకు కొంత అందులోకి వెళుతుంది, యూపీఐ దానికే. పోతే అంతవరకే పోతుంది. దాంతో నాన్న కూరగాయల బండి దగ్గర ధీమాగా స్కాన్ చేస్తున్నారు. ఆదివారం టిఫిన్ అయ్యాక ఆయన క్లాసు. ఒకటే షరతు: ఆయన ఫోన్‌ను నేను ముట్టుకోకూడదు, నోటితో చెప్పాలంతే. పక్కవాడు తప్పు బటన్ వైపు వేలు తీసుకెళుతుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం ఎంత నరకమో అనుభవిస్తే తెలుస్తుంది.

గుంతకల్లు గార్డు | సోమవారం, ఉదయం 10:05

టీచరమ్మగారూ, ఆ ఆపరేటర్ ముక్క ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. చాలా థాంక్స్.

కోడర్ బాబూ, ముట్టుకోకూడదనే షరతు బాగుంది. సాయంత్రం మా వాడికి నీ పోస్టు చూపిస్తాను. తిట్టినట్టు కాకుండా ఉంటుంది.

నిదానం (మల్లేశ్వరం) | సోమవారం, ఉదయం 11:40

అందరూ ఒకే వైపు లాగుతున్నారు కాబట్టి నేను రెండో వైపు పట్టుకుంటాను. నాకు 74. బ్యాంకులో చేశాను, మేనేజరుగానే (గార్డు గారి శ్రీమతి మన్నించాలి). లైఫ్ సర్టిఫికెట్ నేను ఇప్పటికీ కాగితం మీదే ఇస్తాను. అది చెల్లుతుంది, ఎవరూ రద్దు చేయలేదు. పొద్దున్నే సాంకీ ట్యాంక్ చుట్టూ నడుస్తాను, ఎయిత్ క్రాస్‌లో కూరలు కొంటాను, బ్యాంకు తెరిచే వేళకు అక్కడుంటాను. ఆ పని వంకతో నలుగురు మనుషులు కనబడతారు, నాలుగు మాటలు దొర్లుతాయి. మీరు రెండు నిమిషాల్లో ఫోన్‌లో ముగించి మిగుల్చుకున్న పూటను ఏం చేస్తున్నారు? అదే ఫోన్‌లో వాట్సాప్ చూస్తున్నారు.

ఏ యాప్ గురించైనా నేను ఒక్కటే చూస్తాను. ఇది నన్ను గడప దాటిస్తుందా, కుర్చీలో కూలేస్తుందా? నమ్మ యాత్రి గడప దాటిస్తుంది. ఎండలో నిలబడి ఆటోవాళ్లను బతిమాలే పని తప్పింది, పెట్టుకున్నాను. మెట్రో టికెట్ వాట్సాప్‌లో కొంటాను, క్యూలో నిలబడితే నా మోకాళ్లు ఊరుకోవు. పది నిమిషాల్లో కొత్తిమీర తెచ్చిచ్చే యాప్ మాత్రం మా ఇంట్లో నిషిద్ధం. కోడలికి మినహాయింపు ఉంది, ఇల్లు ఆవిడది కాబట్టి.

కడప పెద్దమ్మ (ఎలక్ట్రానిక్ సిటీ) | సోమవారం, మధ్యాహ్నం 2:15

నిదానం సార్, మీ మాట బాగుంది గానీ అది కాళ్లాడేవాళ్ల మాట. నా సంగతి వేరే.

మా ఆయన ఉన్నన్నాళ్లు బ్యాంకంటే ఆయన పోయి వచ్చే చోటు. ఏటీఎం కార్డు రంగు కూడా నాకు తెలీదు. రెండేళ్ల కిందట పోయినారు. కర్మలు కాకముందే కరెంటు బిల్లు వచ్చింది, ఆయన ఫోన్‌కు. ఆ ఫోన్ ఆయన వేలు పెడితే తెరుచుకునేది. పిన్ ఎవరికీ తెలీదు. గ్యాస్ ఆ నంబరు మీదే, ఇన్సూరెన్స్ మెసేజ్‌లు ఆ నంబరుకే, బ్యాంకు ఓటీపీ ఆ నంబరుకే. బీరువా తాళాలు నా కొంగుకే ఉండె, ఇల్లంతా మాత్రం ఆ ఫోన్ లోపల ఉండిపోయింది.

పిల్లలు ఆ సిమ్‌కు రీచార్జి ఎందుకులే అన్నారు. మా తమ్ముడు పోస్టాఫీసులో చేస్తాడు, వాడు పట్టుబట్టి చేయించినాడు. వాడకుండా 90 రోజులు వదిలేస్తే నంబరు ఆపేస్తారంట, తర్వాత ఇంకెవరికో ఇచ్చేస్తారంట. అట్ల పోయుంటే ప్రతి ఆఫీసులోనూ నంబరు మార్పుకు వేరే అర్జీ పెట్టుకోవాల్సి వచ్చేది. ఒక్కొక్కటీ నా నంబరుకు మార్చుకునే దాకా ఆ సిమ్ బతికించినాము.

ఫ్యామిలీ పింఛను నా పేరుకు మారినాక, ఇంక నేనే చూసుకుంటానని అందరికీ చెప్పినా. మొదట నేర్చుకున్నది డబ్బు పంపేది కాదు, బ్యాలెన్సు చూసేది. పాత నోటుబుక్కులో తెలుగులో రాసుకున్నా, ఏ బొమ్మ నొక్కాలి, తర్వాత ఏం వస్తుంది, వెనక్కి ఎట్ల రావాలి. పిన్‌లు అందులో రాయను, దారి ఒక్కటే. యాప్ వాళ్లకు ఏం పొద్దుపోదో ఏమో, బటన్లు అటుదిటు మారుస్తానే ఉంటారు. మారినప్పుడల్లా ఆ పేజీ కొట్టేసి మళ్లీ రాస్తా. మా మనవరాలు వీడియో తీసిస్తానంటుంది. నాకు వీడియో వద్దు, అది నా కంటే ముందు పరిగెత్తుతుంది.

ఇక్కడ ఆరు నెలలు, కడపలో ఆరు నెలలు ఉంటా. ఇక్కడ బస్సులో ఆడవాళ్లకు ఉచితమంటే ఎక్కినా. అది కర్ణాటక అడ్రసు ఉన్నవాళ్లకంట, కడప ఆధార్ చెల్లదు. మన ఆంధ్రాలోనూ 2025 ఆగస్టు నుంచి స్త్రీ శక్తి పేరుతో అదే వచ్చిందిలే, ఆ బాకీ అక్కడ తీర్చుకుంటా.

గార్డన్నా, మీరు నేర్చుకోండి, మంచిదే. వదినను పక్కన కూర్చోబెట్టుకుని నేర్చుకోండి. ఇంత పెద్ద పోస్టు రాసి ఆమె గురించి దెప్పుతుందని తప్ప ఒక్క ముక్క రాయలేదు మీరు.

గుంతకల్లు గార్డు | సోమవారం, సాయంత్రం 4:30

అమ్మా, మీ పోస్టు మా ఆవిడకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లేచి వెళ్లి తన ఫోన్ తెచ్చి నా ఎదురుగా పెట్టింది. ఈ వారం ఇద్దరం మొదలుపెడుతున్నాం.

నిదానం | సోమవారం, సాయంత్రం 5:10

పెద్దమ్మగారూ, మీ మాటకు నా దగ్గర జవాబు లేదు. బ్యాంకు మనిషిగా మాత్రం కొంత కలుపుతాను, చాలా ఇళ్లలో ఇక్కడే గొడవలు మొదలవుతాయి.

పోయినవారి ఫోన్ తెరుచుకుంది, పిన్ తెలుసు కదా అని ఆయన ఖాతాలోంచి డబ్బు తీయకూడదు. కొడుకైనా, భార్యైనా. బ్యాంకుకు చెప్పాలి, మరణ ధ్రువపత్రం ఇవ్వాలి. నామినీ ఉంటే ఆ దారిలో వస్తుంది. జాయింటు ఖాతా 'ఇద్దరిలో ఎవరైనా, లేదా మిగిలినవారు' అనే పద్ధతిలో ఉంటే ఇంకా తేలిక. చాలామంది ఇద్దరి పేర్లున్నాయి చాలనుకుంటారు, ఏ పద్ధతిలో ఉన్నాయో పాస్‌బుక్‌లో చూడరు. 2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకునే వీలొచ్చింది. అయితే నామినీ అంటే ఆస్తికి వారసుడని కాదు, బ్యాంకు నుంచి డబ్బు అందుకునే మనిషి. వీలునామా సంగతి వేరే చూసుకోవాలి.

ఫోర్త్ బ్లాక్ టీచరమ్మ | సోమవారం, సాయంత్రం 6:00

ఒకరి ఖాతాలోంచి ఇంకొకరు కట్టే వీలిచ్చే యూపీఐ సర్కిల్‌ను పిల్లలు తల్లిదండ్రులకు కళ్లెం వేయడానికి వాడుతున్నారు. నేను దాన్ని తిరగేశాను. డబ్బు ఖాతా నాది, పక్కింట్లో ఉండే మా మేనల్లుడి కొడుకును అందులో చేర్చుకున్నాను. నాకు మందులు, పాలు వాడు తెస్తాడు, నా ఖాతాలోంచే కడతాడు, ప్రతిసారీ నేను ఒప్పుకుంటేనే వెళుతుంది. అలా వద్దనుకుంటే నెలకు 15,000 మించకుండా హద్దు పెట్టి వదిలేయచ్చు కూడా. చిల్లర లెక్కల పేచీ పోయింది.

హెబ్బాళ్ వాసి | సోమవారం, రాత్రి 8:45

ఈ చర్చలో ఇంకా రాలేదు కాబట్టి చెబుతున్నాను. మా అపార్ట్‌మెంటులో ఒక పెద్దాయనకు వీడియో కాల్ వచ్చింది. అవతల ఖాకీ చొక్కా, వెనక గోడకు జెండా, బల్ల మీద ఫైళ్లు. మీ ఆధార్‌తో వెళ్లిన పార్సిల్‌లో మత్తు మందులు దొరికాయి, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం, కెమెరా ముందు నుంచి కదలకూడదు, ఎవరితోనూ మాట్లాడకూడదు అన్నారు. ఆయన చదువుకున్న మనిషి, పెద్ద హోదాలో చేశారు. ఇలాంటి కాల్స్‌కు దొరికిపోయేది చదువు లేనివాళ్లనుకోవడం పొరపాటు. కాగితాన్ని, చట్టాన్ని గౌరవించి బతికినవాళ్లే ముందు వణికిపోతారు. ఆయన భార్య గుడి నుంచి వచ్చి, తలుపు తీయని మొగుణ్ణి చూసి ఎదురింటివాళ్లను పిలిచారు కాబట్టి బయటపడ్డారు.

డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. ఏ పోలీసూ, ఏ కోర్టూ వీడియో కాల్‌లో అరెస్టు చేయదు. డబ్బు పోయిందని తెలిసిన క్షణంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమయ్యేకొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారిపోతూ ఉంటుంది, ఆపడం కష్టమవుతుంది.

నవంబరులో పింఛనుదారులకు ఇంకో రకం వస్తుంది. పుట్టిన తేదీ, పీపీవో నంబరు వాళ్లే చదివి వినిపించి, మీ లైఫ్ సర్టిఫికెట్ అప్‌డేట్ చేస్తాం, ఓటీపీ చెప్పండి అంటారు. ఏ పింఛను ఆఫీసూ అలా అడగదు. వాట్సాప్‌లో పెళ్లి పిలుపనో, ట్రాఫిక్ చలానా అనో ఏపీకే ఫైలు వస్తే తెరవొద్దు. అది కార్డు కాదు, మీ మెసేజ్‌లు చదివే యాప్. పిన్ కొట్టడమంటే డబ్బు ఇవ్వడమే, మనకు డబ్బు రావడానికి పిన్‌తో పని లేదు. ఈ ఒక్కటి మా అమ్మకు ఎక్కితే చాలనుకున్నాను. ఇప్పుడు ఆవిడే వాచ్‌మన్ కుటుంబానికి చెబుతోంది.

బెంగళూరులో పెద్దవాళ్లకు పోలీసుల తోడ్పాటుతో నడిచే 1090, దేశమంతటికీ 14567 హెల్ప్‌లైన్లు ఉన్నాయి. వేధింపులు, ఒంటరితనం, ఏదైనా చెప్పుకోవచ్చు.

ఫిజియో మారతహళ్లి | మంగళవారం, ఉదయం 6:50

ఫోన్ గురించి చాలా వచ్చింది, ఒంటి గురించి రాలేదు. నా దగ్గరకు వచ్చే పెద్దవాళ్లలో ఎక్కువమంది చెప్పే మాట, "డాక్టర్, రోజూ పదివేల అడుగులు, ఐనా మోకాళ్ల నొప్పి తగ్గలేదు." ఆ పదివేలు వైద్యం నుంచి పుట్టిన అంకె కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్ముతూ దానికి 'పదివేల అడుగుల మీటరు' అని పేరు పెట్టింది. పేరు బాగుంది, ప్రపంచమంతా పట్టుకుంది. 70 ఏళ్ల మనిషి రాత్రి పదింటికి అంకె పూర్తి కాలేదని హాల్లో చీకట్లో తిరిగి కార్పెట్ తట్టుకుని పడిన కేసులు చూశాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ. 65 దాటినవాళ్లకు దాంతోపాటు కండబలం, నిలకడ పెంచే వ్యాయామాలు వారానికి మూడు రోజులైనా ఉండాలంటుంది. మనవాళ్లు నడకతో ఆగిపోతారు. తొడ కండలు కరిగిపోతుంటాయి, అది నడకలో తెలియదు. కింద కూర్చుని లేవబోయినప్పుడు, మెట్రో మెట్లు దిగేటప్పుడు తెలుస్తుంది. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేచి, నిదానంగా కూర్చోండి, వీలైనన్నిసార్లు. వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడండి, కుదిరితే పట్టు వదలండి, చెయ్యి దగ్గర్లోనే ఉంచండి. ఈ ఊరి ఫుట్‌పాత్‌ల మీద నడవాలంటే ఊపిరి కంటే నిలకడ ముఖ్యం. ఒక పలక ఉంటుంది, తర్వాతది ఉండదు.

గుంతకల్లు గార్డు | మంగళవారం, ఉదయం 7:30

డాక్టరు గారూ, మా వాడు పుట్టినరోజుకు వాచీ కొన్నాడు. నాడి, నిద్ర, అడుగులు అన్నీ చూపిస్తుంది. రాత్రి నిద్ర సరిపోలేదని పొద్దున్నే అది చెబితే, అప్పటిదాకా బాగానే ఉన్న నాకు నీరసం వస్తోంది. ఉంచుకోమంటారా?

ఫిజియో మారతహళ్లి | మంగళవారం, ఉదయం 8:15

ఉంచుకోండి సార్, నిద్ర మార్కులు చూడటం మానేయండి. పడిపోతే ఇంట్లోవాళ్లకు కబురు పంపే సౌకర్యం అందులో ఉందేమో చూసి, అది ఆన్ చేయించుకోండి. నా దృష్టిలో మీ వయసుకు వాచీ చేసే అసలు మేలు అదే.

బీపీ మాత్రం మణికట్టు మీద కాదు, మోచేతికి పైన పట్టీ కట్టే మిషన్‌తో చూసుకోండి. కాఫీ తాగిన వెంటనే వద్దు. ఐదు నిమిషాలు కుదురుగా కూర్చుని, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా చూడాలి. రెండుసార్లు చూసి రాసుకుని ఆ కాగితం డాక్టరుకు చూపించండి. అలాగే ఫోన్ లాక్ తీయకుండానే కనబడేలా బ్లడ్ గ్రూపు, వాడే మందులు, ఇంట్లోవాళ్ల నంబరు పెట్టుకునే చోటు ఉంటుంది. ఆదివారం క్లాసులో అది పెట్టించుకోండి.

చెన్నై చుట్టం (నంగనల్లూరు) | మంగళవారం, ఉదయం 10:30

మీ ఊళ్లో తెలుగువాళ్లకు ఓ సుఖం ఉంది, కన్నడ బోర్డులు కూడబలుక్కుని చదివేయచ్చు. మాకు ఇక్కడ ఏళ్లు గడిచినా బస్సు మీద తమిళం కొరుకుడు పడలేదు. ఇప్పుడు ఫోన్ కెమెరా ఎదురుగా పెడితే గూగుల్ లెన్స్ తెలుగులో చూపిస్తోంది. మందుల సీసా మీద చీమ తలకాయంత అక్షరాలను పెద్దవి చేసుకోవడానికీ అదే కెమెరా.

అసలు చెప్పాలనుకున్నది మా అన్నయ్య గురించి. చెవులు మందగించాయి. మిషన్ పెట్టుకుంటే ముసలివాణ్ణి అంటారని పెట్టుకోడు. దాంతో ఇంట్లో మాటల్లో కలవడం మానేశాడు, అందరూ ఆయనకు మతిమరుపు అనుకున్నారు. లైవ్ ట్రాన్‌స్క్రైబ్ అనే యాప్ పెట్టాం, ఎదుటివాళ్లు మాట్లాడిన తెలుగు తెర మీద అక్షరాలుగా వస్తుంది. తప్పులు బాగానే పడతాయి. ఆ తప్పులు చదివి నవ్వుకోవడం మొదలయ్యాక మళ్లీ మాటల్లోకి వచ్చాడు. పోయిన నెల తనంతట తనే చెవి డాక్టరు దగ్గరకు పదమన్నాడు.

ఫిజియో మారతహళ్లి | మంగళవారం, ఉదయం 11:00

చాలా మంచి పని చేశారు. డిమెన్షియాకు, అంటే మతిమరుపు జబ్బుకు, దారితీసే, మనం సరిచేసుకోగల 14 కారణాలను 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక కమిషన్ చెప్పింది. వినికిడి తగ్గడం, చూపు తగ్గినా పట్టించుకోకపోవడం, మనుషులకు దూరం కావడం ఆ జాబితాలో ఉన్నాయి. చెవి మిషన్, శుక్లాల ఆపరేషన్ వాయిదా వేయకండి. 70 దాటినవాళ్లకు 2024 అక్టోబరు నుంచి ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి ఖర్చు భరిస్తుంది. నిదానం సార్, మీరు తీసుకున్నారా?

నిదానం | మంగళవారం, ఉదయం 11:25

తీసుకున్నాను. యాప్‌లోనే. నవ్వకండి.

ఫోర్త్ బ్లాక్ టీచరమ్మ | మంగళవారం, మధ్యాహ్నం 12:40

నిదానం గారి పరీక్షకు నిలవని యాప్ ఒకటి నేను వాడుతున్నాను. ఏఐతో తెలుగులో మాట్లాడుతున్నాను. ఆదాయపు పన్ను నోటీసులో భాష అర్థం కాకపోతే విడమర్చి చెప్పమంటాను, నాలుగోసారి అడిగినా విసుక్కోదు. ఇంతటి ఓపిక నా క్లాసులో నాకే లేదు. అయితే మా ఊరి గుడి చరిత్ర అడిగితే పూసగుచ్చినట్టు, తడుముకోకుండా, పూర్తిగా తప్పు చెప్పింది. మా ఊరు కాబట్టి పట్టుకున్నాను. తెలియని విషయమైతే నమ్మేసేదాన్నే కదా. అందుకే మందుల మోతాదు, డబ్బు పెట్టుబడి దాన్ని అడగను. పిన్‌లు, ఖాతా నంబర్లు అసలు చెప్పను.

నిదానం | మంగళవారం, మధ్యాహ్నం 1:15

విసుక్కోకపోవడమే నాకు అనుమానం టీచరమ్మగారూ. కొడుకు విసుక్కుంటాడు, మనం అలుగుతాం, సాయంత్రానికి వాడే కాఫీ తెస్తాడు. ఆ తగువు కూడా పోయాక ఇంట్లో మిగిలేదేమిటి? విసుక్కోని యంత్రానికి అలవాటు పడితే మనుషుల దగ్గర మన ఓపిక తగ్గుతుంది.

కోరమంగళ కోడర్ | మంగళవారం, మధ్యాహ్నం 1:40

సార్, మీరు చెప్పినట్టు కాఫీ తెచ్చే కొడుకులు ఎంతమంది ఉన్నారో నాకు డౌటే. మా నాన్న తనకు రాని విషయం ముందు ఏఐని అడిగి, అది చెప్పింది సరేనా అని నా దగ్గరకు వస్తున్నారు. ఇదివరకు "రావట్లేదురా" అనేవారు, ఇప్పుడు "ఇది ఇలా అంటోంది, నువ్వేమంటావ్" అంటున్నారు. మా మధ్య మాటలు పెరిగాయి.

నిదానం | మంగళవారం, మధ్యాహ్నం 1:55

అలాగైతే సరే. ఐనా ఒకసారి లాల్‌బాగ్‌లో కలుద్దాం అందరం. వైట్‌ఫీల్డ్ నుంచి పర్పుల్ లైన్, మెజెస్టిక్‌లో మారి గ్రీన్ లైన్, గార్డు గారికి బండి మారడం నేర్పక్కర్లేదు. 300 కోట్ల ఏళ్ల రాయి ఉందక్కడ. దాని మీద కూర్చుంటే ఎవరికీ వయసు గుర్తుకు రాదు.

కడప పెద్దమ్మ | మంగళవారం, మధ్యాహ్నం 3:30

నేను రాయి ఎక్కలేను సార్, కింద బెంచీ మీద కూర్చుంటా. నాకు గడప దాటేది వారానికి ఒకసారే. మిగతా రోజులు సాయంత్రం ఐదు గంటలకు ఫోన్‌లో లలితా సహస్రనామం. కడప నుంచి ఇద్దరు, హైదరాబాదు నుంచి ఒకరు, డల్లాస్‌లో తెల్లవారకముందే లేచి ఒక పిల్ల. ఒకరి గొంతు ముందొస్తుంది, ఒకరిది వెనకొస్తుంది, కలవనే కలవదు. అందుకని ఒకరు చదివితే మిగతావాళ్లం మైకు ఆపేసి ఎవరింట్లో వాళ్లం చదువుకుంటాము. అయినాక అరగంట లోకాభిరామాయణం, అప్పుడు అందరి మైకులూ ఆన్. నేను కుర్చీలోనే ఉంటా, అయితే కూలబడి మాత్రం లేను.

ఫిజియో నాయనా, నువ్వు చెప్పిన కుర్చీ వ్యాయామం పొద్దున చేసి చూసినా. లేచేది వస్తుంది, కూర్చునేటప్పుడు ధబీమని పడతాండా. ఎందుకట్ల?

ఫిజియో మారతహళ్లి | మంగళవారం, సాయంత్రం 4:05

తొడ ముందు కండ బరువును ఆపలేకపోతోందమ్మా. లేవడం కంటే మెల్లగా కూర్చోవడమే దానికి కష్టం. కుర్చీ మరీ తక్కువ ఎత్తులో ఉందేమో కూడా చూడాలి. గోడకు ఆనించిన కుర్చీయే వాడండి, చక్రాలున్నది వద్దు. ప్రస్తుతానికి సీటు మీద గట్టి దిండు ఒకటి వేసి, కూర్చునేటప్పుడు మనసులో ఐదు లెక్కపెట్టుకుంటూ దిగండి. మోకాలు పట్టేసినా, నొప్పి పెరిగినా ఆపేయండి. నేల నుంచి సీటు దాకా ఎన్ని అంగుళాలుందో కొలిచి చెప్పగలరా?

కడప పెద్దమ్మ | మంగళవారం, సాయంత్రం 4:40

ఫోన్‌లోనే కొలిచే యాప్ ఉందంట, మనవరాలు చెప్తాంది. దాని మీద నమ్మకం లేదు నాకు. కుట్టుమిషన్ సొరుగులో టేపుంది, కొలిచి పొద్దున రాస్తా.